కరెంటు పోయి వస్తే రౌటర్‌లో చేసిన మార్పులు ఎందుకు నిలవవు?

హన్మకొండలోని కాలేజీ ల్యాబ్‌లో సిస్కో రౌటర్‌కు కొత్త ఐపీ అడ్రసులు ఇచ్చామని, కరెంటు పోయి వచ్చాక పాత సెట్టింగులే కనిపించాయని మీరు రాశారు. రౌటర్ చెడిపోలేదు. మీరు టైప్ చేసే ప్రతి సెట్టింగు కమాండూ ర్యామ్‌లోని (కరెంటు పోతే చెరిగిపోయే మెమరీ) రన్నింగ్ కాన్ఫిగ్‌లో, అంటే ప్రస్తుతం నడుస్తున్న సెట్టింగుల్లో, వెంటనే అమలవుతుంది గానీ, రౌటర్ మళ్లీ ఆన్ అయినప్పుడు చదువుకునేది ఎన్‌వీర్యామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీ) భద్రపరిచిన స్టార్టప్ కాన్ఫిగ్‌ను మాత్రమే. అందువల్ల మార్పులు సరిగ్గా పనిచేస్తున్నాయని చూసుకున్నాక "కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్" అనే కమాండ్ ఇవ్వాలి. ఫైలు పేరు అడిగితే ఎంటర్ నొక్కితే చాలు.

ఇదే కమాండ్‌ను తిరగేసి ఇస్తే పాత స్థితి వచ్చేస్తుందని చాలామంది నమ్ముతారు, అది పొరపాటు. స్టార్టప్‌ను రన్నింగ్‌లోకి కాపీ చేస్తే రెండూ కలిసిపోతాయే తప్ప, కొత్తగా చేర్చిన యాక్సెస్ లిస్టులు (ఏ ట్రాఫిక్‌ను అనుమతించాలో చెప్పే నియమాలు), రూట్లు తొలగిపోవు. పూర్తిగా వెనక్కి వెళ్లాలంటే "కాన్ఫిగర్ రీప్లేస్ ఎన్‌వీర్యామ్:స్టార్టప్-కాన్ఫిగ్" వాడాలి.

వరంగల్‌లో కూర్చుని జగిత్యాల బ్రాంచి రౌటర్‌ను మార్చవలసి వస్తే, మొదట "రీలోడ్ ఇన్ 10" ఇవ్వండి. సేవ్ చేయాలా అని అడిగితే నో అనండి. తప్పు కమాండ్‌తో కనెక్షన్ తెగినా, 10 నిమిషాలకు రౌటర్ భద్రపరిచిన కాన్ఫిగ్‌తో తిరిగి లేస్తుంది, జగిత్యాల బస్సెక్కే పని తప్పుతుంది. అంతా బాగుంటే "రీలోడ్ క్యాన్సిల్" ఇచ్చి, ఆ తర్వాతే సేవ్ చేయండి.

కాన్ఫిగ్ నకలు ఒకటి రౌటర్ బయట కూడా తప్పక ఉంచుకోవాలి. ఫైళ్లు పంపే పద్ధతుల్లో టీఎఫ్‌టీపీ సులువే, కానీ అందులో పాస్‌వర్డ్ తనిఖీ గానీ ఎన్‌క్రిప్షన్ గానీ ఉండవు కనుక ల్యాబ్ దాటితే ఆ రెండూ ఉన్న ఎస్‌సీపీ వాడడమే మేలు.