సైకిల్ మీద ఇయర్‌ఫోన్లా? కాజీపేట రోడ్డులో మాత్రం వద్దు

తమ్మీ, రోజూ కాజీపేట నుంచి వరంగల్ దాకా సైకిల్ మీద వెళ్తున్నానని, పాటలు లేకపోతే బోర్ కొడుతోందని, ఇయర్‌ఫోన్లు పెడితే ఇంట్లోవాళ్లు సైకిల్ తాళం దాచేస్తామంటున్నారని రాశావు. నా ఓటు ఇంట్లోవాళ్లకే.

మన రోడ్ల మీద వెనకాల ఏం వస్తోందో ముందుగా చెప్పేది చెవే. కొన్ని ఇయర్‌ఫోన్లలో బయటి చప్పుడు తగ్గించే నాయిస్ క్యాన్సలింగ్ ఉంటుంది. అది బాగా అణిచేది ఇంజిన్ గుర్రు లాంటి ఆగకుండా వచ్చే శబ్దాన్ని. అంటే మనకు కావాల్సిన లారీ చప్పుడే పోతుంది! పైగా స్పీడు పెరిగేకొద్దీ చెవుల్లో గాలి హోరు, దాన్ని మించడానికి మనం వాల్యూమ్ పెంచుతాం. పోయినేడు హన్మకొండ చౌరస్తా దాటాక నేనూ అలాగే పాట ధ్యాసలో గుంత తప్పించబోయి కుడికి తిప్పాను. ఆటో అద్దం మోచేయి గీరుకుంటూ పోయింది. హారన్ రెండుసార్లు కొట్టాడట. నాకు వినబడితే కదా!

ఒక్క చెవికే పెట్టుకుంటే? కొంత నయం. బండ్లు కుడి పక్క నుంచి దాటుతాయి కాబట్టి ఎడమ చెవికే పెట్టు. కానీ శబ్దం ఏ దిక్కు నుంచో రెండు చెవులు కలిస్తేనే సరిగ్గా తెలుస్తుంది.

మరీ ఉండలేనంటే బోన్ కండక్షన్ రకం కొనుక్కో. చెంప ఎముక మీద ఆనుకుని ఎముక గుండానే శబ్దం పంపుతుంది, చెవి రంధ్రం తెరిచే ఉంటుంది. బేస్ పెద్దగా రాదు, అది మర్చిపో. కుడి హ్యాండిల్‌కి చిన్న అద్దం బిగించు. చౌరస్తా వస్తే పాట ఆపెయ్.