ఐదు నిమిషాలని రాయకు, నాయనా

తిరుపతి,
ఆదివారం సాయంత్రం

నాయనా,

చిత్తూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. 'ఐదు నిమిషాల్లో పండ్ల కారమెల్' అని పేరు పెట్టావు, చక్కెరని రాగి రంగు తిరిగేదాకా కరిగించి అందులో పండ్ల ముక్కలు వేయించే తీపి. రెండుసార్లు చదివి, మూడోసారి చదవడానికి బదులు లేచి వంటింట్లోకి వెళ్లి, నువ్వు రాసింది రాసినట్టు చేశాను. మాడింది. కోపం రాలేదులే, నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ల కిందట నేనూ ఇలాగే రాసి ఎవరి వంటింట్లోనో బాణలి మాడగొట్టాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

నీ వ్యాసంలో ముక్కాలు వంతు వాన, సాయంత్రం, కిటికీ, నోరూరడం, ఘుమఘుమలు. అసలు పని జరిగే చోట మాత్రం ఒకే ఒక్క వాక్యం: "పంచదార కరిగాక పండ్ల ముక్కలు వేసి ఐదు నిమిషాలు వేయించాలి." వంట అంతా ఆ 'కరిగాక' అనే మాటలోనే ఉంది. కరగడం మొదలైనప్పుడా, మొత్తం కరిగాకా, రంగు తిరిగాకా? నీకు తెలుసు, ఎందుకంటే నువ్వు చేశావు. చదివేవాళ్లకి తెలీదు. పైగా నీ పొయ్యి వేరు, వాళ్ల పొయ్యి వేరు. గ్యాస్ అయిపోవచ్చిన సిలిండర్ మీద ఐదు నిమిషాలకి చక్కెర కదలను కూడా కదలదు. పల్చటి అల్యూమినియం గిన్నెలో పెద్ద మంట మీద మూడో నిమిషానికే బొగ్గు. అందుకని గడియారం చెప్పకు, గుర్తు చెప్పు. కళ్లకి ఏం కనిపిస్తుందో, ముక్కుకి ఏ వాసన తగులుతుందో, చెవికి ఏం వినిపిస్తుందో రాయి.

'పంచదార' అన్నావు చూడు, అది కూడా. మీ ఇంట్లో ఎవరైనా పంచదార అంటారా? మనవైపు చక్కెరే కదా. పత్రికల్లో చూసి రాశావు. తప్పని కాదు, అదీ మంచి తెలుగే. కానీ అరువు తెచ్చుకున్న మాటతో మొదలుపెడితే పక్క వాక్యాలు కూడా అరువువే వస్తాయి. ఆ 'నోరూరించే', 'ఇట్టే కరిగిపోయే' అన్నీ దాని వెనకే వచ్చాయి నీ దగ్గరికి.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను. వంట కోసమూ చదువు, రాత కోసమూ చదువు.

తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకి కొదవ ఉండదు. కొండ దిగి వస్తారు, పిల్లల గుండ్లకి ఇంకా గంధం ఆరి ఉండదు, చేతిలో లడ్డు కవరు, రైలుకి గంటన్నర టైముంది. అన్నం వద్దంటారు. ఏదో ఒకటి తీపి పెట్టకుండా ఎలా పంపను? ఇంట్లో తాంబూలాల్లో వచ్చిన అరటిపళ్లు ఎప్పుడూ ఉంటాయి. అందుకే ఈ వంట నాకు అలవాటైంది. నీకూ అలాంటి కారణం ఒకటి ఉండే ఉంటుంది. వానని తీసేసి దాన్ని రాయి.

అరటిపళ్లు మూడు. పచ్చదనం పూర్తిగా పోవాలి, తొక్క మీద నల్ల మచ్చలు ఇంకా రాకూడదు. మచ్చలొచ్చిన పండులో పిండి దాదాపు అంతా చక్కెరగా మారిపోయి ఉంటుంది, తినడానికి అమృతం, బాణలిలో మాత్రం గుజ్జు. యాలక్కి లాంటి చిన్న పండైతే నిలువునా రెండు చీలికలు చాలు. పెద్ద పండైతే వేలెడు మందంలో ఏటవాలుగా కొయ్యి. దొరికితే నేంద్రం అరటి అన్నిటికంటే బాగా నిలబడుతుంది.

చక్కెర 50 గ్రాములు. వెన్న 20 గ్రాములు, లేదంటే ఒక పెద్ద చెంచా నెయ్యి. చిటికెడు ఉప్పు. అర చెక్క నిమ్మరసం. పావు కప్పు వేడినీళ్లు పక్కన పెట్టుకో, అవసరం పడతాయి. ఇవన్నీ పొయ్యి వెలిగించక ముందే చేతికందేలా ఉండాలి. చక్కెర రంగు తిరిగే సమయంలో ఫ్రిజ్ తలుపు తెరిచి వెన్న వెతుక్కునే తీరిక ఉండదు.

బాణలి అడుగు మందంగా ఉండాలి, లోపల తెల్లగా మెరిసే స్టీలుదైతే మంచిది. నల్ల నాన్‌స్టిక్‌లో, ఇనప పెనంలో చక్కెర రంగు కనిపించదు. అదే ఉంటే పక్కన ఒక తెల్ల పింగాణీ సాసర్ పెట్టుకుని, మధ్యమధ్యలో ఒక చుక్క దాని మీద వేసి చూడు. ఈ సాసర్ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, రెండు పెనాలు పాడయ్యాక తట్టింది.

చక్కెరని పొడి బాణలిలో పల్చగా పరిచి, మధ్యరకం మంట పెట్టు. గరిటె పెట్టకు. చేతులు కట్టుకుని నిలబడు. మొదట ఏమీ జరగదు. నువ్వు అనుమానపడేంత సేపు ఏమీ జరగదు. తర్వాత అంచుల్లో చక్కెర తడిసినట్టు అవుతుంది, ఆ తడి నీళ్లలా మెరుస్తుంది, మధ్యలో మాత్రం ఇంకా తెల్లటి తిన్నె. అప్పుడు బాణలి చెవులు పట్టుకుని అటూ ఇటూ వంచు, కరిగింది కరగనిదాని మీదకి పారాలి. గరిటెతో తిప్పితే కరగని పలుకులు కరిగినదాన్ని కూడా గడ్డ కట్టిస్తాయి. ఒకవేళ ఉండలు కట్టినా కంగారు పడకు, మంట తగ్గించి ఓపిక పడితే అవీ కరుగుతాయి.

ఇక రంగు. లేత తేనె, ఆ తర్వాత టీ డికాషన్, ఆ తర్వాత కొత్త రాగి చెంబు. రాగి చెంబు రంగు రావడానికి కొంచెం ముందే పొయ్యి ఆపెయ్యి. మంట ఆపినా బాణలి వేడి ఆగదు, మిగతా రంగు అదే తెచ్చుకుంటుంది. వాసన కూడా చూసుకో. గంగజాతరలో పీచుమిఠాయి బండి పక్కన నిలబడితే వచ్చే వాసన మొదట వస్తుంది. అది కాస్త ఘాటై, ముక్కు వెనక సన్నగా చేదు తగిలినప్పుడు ఆగాలి. సన్నటి పొగ లేచిందంటే దాటిపోయావన్నమాట, పారబోసి మళ్లీ మొదలుపెట్టు. 50 గ్రాముల చక్కెరకి మొహమాటం ఎందుకు.

ఇక్కడ నువ్వు పాకం అనే మాట వాడావు. అది నాకు నచ్చలేదు. అరిసెల పాకం నీళ్లలో వేసి ఉండ చేసి చూస్తాం కదా, అప్పుడు దాని వేడి 120 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. తీగపాకం ఇంకా తక్కువ, 110 దగ్గర. మన పాకాలన్నీ చక్కెర రంగు మారక ముందే ఆగిపోతాయి. కారమెల్ మొదలయ్యేదే 160 దాటాక. మనవాళ్ల లెక్కలో అక్కడికి వెళ్లిన చక్కెర మాడినట్టే, అందుకే మనకి దానికో మంచి పేరు లేదు. దగ్ధశర్కర అనో మరొకటో కొత్త మాట కట్టబోకు, నవ్వుతారు. కారమెల్ అనే రాయి. ఐస్‌క్రీమ్ తిన్న పిల్లలందరికీ తెలుసు.

ఇప్పుడు వెన్న వెయ్యి. సుయ్‌మని నురగ లేస్తుంది, మొహం దూరంగా పెట్టుకో. ఈ మాట నీ వ్యాసంలో లేదు, తప్పనిసరిగా ఉండాలి. కాగిన నూనె చింది చేతి మీద పడితే జారిపోతుంది, కారమెల్ మాత్రం అంటుకుని అక్కడే కూర్చుని కాలుస్తుంది. పిల్లల్ని పొయ్యి దగ్గరికి రానివ్వొద్దని, వేలితో రుచి చూడొద్దని రెండు వాక్యాలు రాయి. అందం తగ్గుతుందని వెనకాడకు.

నురగ అణిగాక ఉప్పు చల్లి, సన్న మంట మీద అరటి ముక్కల్ని కోసిన వైపు కిందకి వచ్చేలా పేర్చు. ఒకదాని మీద ఒకటి వేయకు. ఇరుకైతే పండులోంచి నీళ్లు ఊరి, ఆ నీళ్లున్నంతసేపు బాణలి వేడి వంద డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది, ముక్క ఉడుకుతుంది తప్ప ఎర్రబడదు. అట్లకాడ కిందికి తోస్తే ముక్క అంటుకోకుండా లేచి రావాలి, అప్పుడు తిప్పు. రెండో వైపు అంతసేపు అక్కర్లేదు. నిమ్మరసం పిండు. పాకం, అదే, కారమెల్ (చూశావా, నాకూ నోరు జారుతుంది) మరీ బిగుసుకుంటే వేడినీళ్లు రెండు చెంచాలు పొయ్యి. చన్నీళ్లు పోస్తే టప్పున గట్టిపడి గాజుపెంకు అవుతుంది. అయినా కొంప మునగదు, సన్న మంట మీద మళ్లీ కరుగుతుంది.

పైన ఐస్‌క్రీమ్ అని రాశావు. బాగుంటుంది. మా ఇంట్లో ఎప్పుడూ ఉండదు కాబట్టి నేను ఫ్రిజ్‌లోంచి తీసిన గడ్డపెరుగు రెండు గరిటెలు గిన్నెలో వేసి, దాని మీద ఈ వేడి ముక్కలు దించుతాను. పులుపు లేని పెరుగైతేనే సుమా.

మిగతా పండ్ల గురించి నువ్వు 'యాపిల్, పైనాపిల్, మామిడి ఏవైనా వాడుకోవచ్చు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. యాపిల్ సంగతి వదిలెయ్. పైనాపిల్‌లో నీళ్లెక్కువ, ముక్కల్ని ముందు విడిగా పొడి బాణలిలో నీరు ఇగిరేదాకా వేయించి తీసి, తర్వాత చక్కెర పని చూసుకోవాలి. ఇక మామిడి! చిత్తూరులో పుట్టి, ఉత్త 'మామిడి' అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? జూన్, జులైల్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే రోడ్డు దాటలేక తిట్టుకుని ఉంటావు. ఆ కాయే ఈ వంటకి పుట్టింది. పండిన బంగినపల్లి వేడికి జావగారిపోతుంది, దాన్ని అలాగే కోసుకుని తినాలి, పొయ్యి మీద పెట్టడం పాపం. చిలకముక్కులాంటి మూతి ఉన్న ఆ తోతాపురి, మన బెంగుళూరా, సగం పండి ఇంకా కాస్త కరకరలాడేప్పుడు కోస్తే ముక్క చెదరదు, అందులోని పులుపు కారమెల్ చేదుకి సరిగ్గా సరిపోతుంది. నిమ్మరసం కూడా అక్కర్లేదు. నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి అనిపిస్తోంది నాకు. వానతో కాదు, ఆ ట్రాక్టర్లతో.

బెల్లం కూడా వాడొచ్చని రాశావు. మన చిత్తూరు బెల్లం మీద ప్రేమ నాకూ ఉంది, కానీ ఇది నిజం కాదు. బెల్లంలో చక్కెర ఒక్కటే ఉండదు, మడ్డీ, ఖనిజాలూ, కొంత తేమా ఉంటాయి. రాగి రంగు చూసి ఆపుదామంటే అది మొదట్నుంచీ రాగి రంగే. అడుగంటి చేదెక్కేదాకా తెలీదు. కొంచెం నీళ్లతో కరిగించి, వడకట్టి, పాకం పట్టి, అందులో అరటి ముక్కలు వేస్తే చాలా మంచి తీపి వస్తుంది. అది వేరే వంట, దానికి వేరే పేరు పెట్టి వేరే వ్యాసం రాయి.

ఇంకొకటి. 'మన అమ్మమ్మల నాటి వంటకం' అన్నావు. ఎవరి అమ్మమ్మ? వెన్న, చక్కెర, అరటిపండు కలిపి పొయ్యి మీద చేసే 'బనానాస్ ఫాస్టర్' అనేది 1951లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో, బ్రెనన్స్ అనే రెస్టారెంట్‌లో పుట్టింది. వాళ్లు రమ్ము పోసి నిప్పంటిస్తారు. మనకి ఆ తంటా వద్దు. ఇది బయటి నుంచి వచ్చింది, మా ఇంట్లో ఇలా మారింది అని రాస్తే ఎవరూ చిన్నచూపు చూడరు. లేని అమ్మమ్మని తెచ్చి పెడితే, ఉన్న అమ్మమ్మలు ఉత్తరాలు రాస్తారు.

ఉత్తరాలంటే గుర్తొచ్చింది, నా కథ. మొదట్లో ఒక పత్రికకి వంట రాస్తూ ఉప్పు '1/2 చెంచా' అని అంకెల్లో రాసిచ్చాను. అచ్చులో గీత ఎగిరిపోయి '12 చెంచాలు' అయింది. దానికి తోడు, నీలాగే, 'పది నిమిషాలు వేయించాలి' అని కూడా రాశాను. ఒకావిడ కార్డు రాసింది. తిట్టలేదు. "ఉప్పు పొరపాటని మాకే తెలిసింది తల్లీ, అర చెంచానే వేశాం. పది నిమిషాలు మాత్రం మీరే రాశారు కదా అని ఆగాం. బాణలి పోయింది" అంది. అచ్చుతప్పుని ఆవిడ దిద్దుకుంది. నా తప్పుని నమ్మింది. ఆ కార్డు చాలాకాలం పోపులడబ్బాలో దాచుకున్నాను. అప్పట్నుంచి అర, పావు, ముప్పావు అక్షరాల్లోనే రాస్తాను. చెంచా అంటే ఏ చెంచానో చెబుతాను. పంపే ముందు ఇంకొకరి చేత చేయిస్తాను, నేను పక్క గదిలో కూర్చుని, నోరు మూసుకుని. వాళ్లు "అక్కా, ఇప్పుడేం చెయ్యాలి?" అని కేకేసిన ప్రతిచోటా ఒక వాక్యం తక్కువైందని అర్థం. నువ్వు కూడా మీ అమ్మ చేత కాకుండా వంట రాని స్నేహితుడి చేత చేయించు. మీ అమ్మకైతే నువ్వు రాయనిది కూడా తెలుసు.

మొన్న ఫోన్‌లో నీ బాణలి రెండుసార్లు మాడిందని, అది బాగుండదని వ్యాసంలోంచి తీసేశానని అన్నావు. ఆ పేరా నాకు పంపు. ఏ రంగు దగ్గర పొరబడ్డావో, రెండోసారి ఎందుకు మాడిందో ఉన్నదున్నట్టు ఉండాలి. గురువారం మళ్లీ చుట్టాలొస్తున్నారు, ఆ లోపు పంపితే దాన్ని చూసి చేస్తాను.

ఆ బాణలిని పీచుతో గీకుతున్నావేమో, గీకకు. నీళ్లు నిండా పోసి పొయ్యి మీద మరిగించు, మాడు దానంతట అదే వదులుతుంది.

ఇట్లు,
మీ అక్క