జరమొచ్చిన హీరో

ప్రశ్న: అమ్మా, నేను దేవరకొండలో బట్టల కొట్టులో పనిచేస్తాను. నవలలు, సీరియళ్లు చదివే పిచ్చి ఉంది. ఎంత పెద్ద కథైనా నాకు గుర్తుండేది ఒక్క ఘట్టమే: ఎవరికీ తలవంచని మనిషి జరంతోనో దెబ్బతోనో పడిపోతే, ఇంకొకరు రాత్రంతా పక్కన కూర్చోవడం. పెళ్లి సీను వదిలేసి ఆ పేజీలే మళ్లీ మళ్లీ చదువుతాను. 'పక్కోడికి నొప్పొస్తే నీకు సంబురమా' అని మా వదిన నవ్వుతది. నేను నోట్‌బుక్కులో రాసుకునే కథల్లోనూ ఇదే వస్తున్నది. ఇది మంచిదేనా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: నొప్పి మీద మోజైతే దెబ్బ తగిలిన పేజీ దగ్గరే ఆగేదానివి బిడ్డా. నువ్వు మళ్లీ తెరుస్తున్నది కట్టు కట్టే పేజీ. ఆ సంగతి మీ వదినకు చెప్పు.

నేను నల్లగొండలో గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చే పని చేసినదాన్ని. వారపత్రికల సీరియళ్లు చించి కుట్టించిన బైండు పుస్తకాలు ఉండేవి. తిరిగొచ్చిన పుస్తకాన్ని బల్ల మీద పెడితే తనంతట తనే ఒకచోట తెరుచుకునేది. ఆ చోట ముద్దూ మురిపెం కంటే తడిగుడ్డ, గంజిగిన్నె కనిపించిందే ఎక్కువ. తీసుకుపోయినవాళ్లలో మగవాళ్లూ తక్కువేం కాదు. వాళ్లు మాత్రం 'మా ఇంట్లోవాళ్లకు' అని సంతకం పెట్టేవారు.

మన దిక్కు ఇళ్లల్లో ప్రేమ అన్న మాట నోటెంట రాదు. పాలమూరు నుంచి మట్టిపనికి బొంబాయి పోయి నెలల తర్వాత ఇల్లు చేరినవాణ్ని కూడా 'తిన్నవా' అని అడుగుతారు, అంతే. మీద చెయ్యి వెయ్యాలంటే ఏదో సాకు కావాలి. జరం అట్లాంటి సాకు. నుదురు ముట్టుకోవచ్చు, తల ఒళ్లో పెట్టుకోవచ్చు, జొన్నగట్క పలచగా కలిపి తాగించొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. మంచాన పడ్డవాడికీ అదే వెసులుబాటు. బాగున్న రోజుల్లో 'నాకేం కాలే' అని విదిలించుకునే మనిషి ఆ ఒక్క రాత్రి చెయ్యి పట్టుకోనిస్తాడు. మనం పేజీలు తిప్పుకుంటూ ఎదురుచూసేది దానికోసమే.

ఇది సీరియళ్లతో పుట్టిన రుచి కాదు. యుద్ధకాండలో రావణుడి శక్తి ఆయుధం తగిలి లక్ష్మణుడు పడిపోయినప్పుడు రాముణ్ని చూడు. విల్లు చేతిలోంచి జారిపోతున్నదంటాడు, కన్నీళ్లతో చూపు ఆనడం లేదంటాడు. దేశదేశాన భార్యలు దొరుకుతారు, బంధువులు దొరుకుతారు, తోడబుట్టినవాడు దొరికే దేశం మాత్రం కనపడదని ఏడుస్తాడు. (సీత వినలేదు కాబట్టి సరిపోయింది.) అప్పుడు వానరుల వైద్యుడు సుషేణుడు ధర్మపన్నాలు చెప్పడు. ముఖం రంగు మారలేదు చూడు, అరచేతులు ఎర్రగానే ఉన్నాయి చూడు, ప్రాణం ఉందయ్యా అంటాడు. ఓదార్పంటే నాకు అదీ. 'అంతా మంచే జరుగుతుంది' అనే పాత్ర కంటే దగ్గర కూర్చుని అరచేయి తిప్పి చూసే పాత్ర నాకు ఎక్కువ నచ్చుతుంది.

దీనికి ఎదురుగా కర్ణుడున్నాడు. గురువు పరశురాముడు కర్ణుడి ఒళ్లో తలపెట్టి నిద్రపోతుంటే, పురుగు తొడ తొలిచినా కర్ణుడు కదలడు. లేచిన పరశురాముడు నెత్తురు చూసి శపిస్తాడు. ఆ తొడకు కట్టు కట్టిందెవరా అని నేను ప్రతిసారీ వెతుకుతాను. ఎవ్వరూ కట్టలేదు. మన జనానికి కర్ణుడంటే అంత ఇది ఎందుకో నాకు అక్కడే తెలిసొచ్చింది. ఆ కట్టు మనం కడదామని చూస్తాం.

ఒక్క రకం మాత్రం నాకు గిట్టదు. హీరోనే చెంప పగలగొట్టి, తర్వాతి వారం హీరోనే వెన్న రాస్తాడు, రచయిత దాన్ని ప్రేమంటాడు. కొట్టిన చెయ్యీ నిమిరే చెయ్యీ ఒకటే అయితే ఆ పుస్తకం పక్కన పెట్టు.

నీ కథల సంగతి. రాస్తూనే ఉండు, కానీ జరం తొందరగా తెప్పించకు. ఆ మనిషి ఎంత మొండివాడో ముందు నాలుగు పేజీలు నిలబెట్టు, లేకపోతే పడినప్పుడు చప్పుడు రాదు. పక్కన కూర్చునేది ప్రేమించిన పిల్లే కానక్కర్లేదు. మాటలు బంద్ అయిన అన్న కావచ్చు, కిరాయికున్న ముసలామె కావచ్చు. మాటలు తగ్గించి చేతులకు పని చెప్పు. తెల్లారినాక కథ ఆపెయ్యకు. లక్ష్మణుడు లేచీ లేవగానే అన్నను ఓదార్చుతూ కూర్చోలేదు, 'ఆడిన మాట ఏమైంది, రావణుడి సంగతి చూడు' అన్నాడు. రాత్రి చెయ్యి పట్టుకున్న ఇద్దరు పొద్దున ఛాయ్ దగ్గర ఏం మాట్లాడుకుంటారో, అసలు మాట్లాడుకుంటారో లేదో రాయి. చాలామంది అది రాయలేక 'సమాప్తం' అని వేసేస్తారు.