కొరాపుట్‌లో మా ఇంటి వెనక కొండ తవ్వేశారు. వాలులో సెన్సర్లు పాతితే జారేముందే తెలుస్తుందా?

చాలాసార్లు తెలుస్తుంది, ప్రతిసారీ అని చెప్పలేం. తెలిశాక ఆ రాత్రి జనం లేస్తారా అన్నదే నా బెంగ.

మాది పర్లాకిమిడి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక, మా గజపతి జిల్లా బరఘరలో కొండ విరిగి, గుహలాంటి చోట తలదాచుకున్నవాళ్లు పదిమందికి పైగా పోయారు. తర్వాత కొన్నాళ్లకి ఒక ఘాట్ రోడ్డు పై వాలుకి సెన్సర్లు బిగించే కాంట్రాక్టరు దగ్గర నేను పనిలో చేరాను.

బోర్లు వేసి రెండు పీజోమీటర్లు దించాం. వాన నీరు ఇంకేకొద్దీ లోపల నీటి ఒత్తిడి పెరిగి మట్టి పట్టు సడలుతుంది, ఆ ఒత్తిడిని కొలిచేది ఇదే. నన్నడిగితే అసలు పరికరం ఇదొక్కటే. వంపు చూసే టిల్ట్ మీటర్లని మాత్రం ఇనప గొట్టాలకి తగిలించి మూడడుగులే పాతారు. చాలదని మొత్తుకున్నాను, కూలివాడి మాట ఎవడు వింటాడు?

శ్రావణంలో ఒక రాత్రి రెండింటికి సైరన్ మోగింది. కింద ఊరు ఊరంతా పిల్లల్ని చంకనేసుకుని, మేకల్ని తోలుకుని, తడుస్తూ బడికి చేరింది. తెల్లారి పైకెక్కి చూస్తే గొట్టం ఒరిగి ఉంది. దానికి బురద, బురదలో నల్లటి వెంట్రుకలు. గేదె మెడ గోక్కుంది! వెంట వచ్చిన సవర ముసలాయన గొట్టాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "బాబూ, మా గేదె కూడా మీ ఆఫీసులో పనిచేస్తాదా?" అన్నాడు.

మళ్లీ నెలకి మోగితే నాలుగిళ్లవాళ్లే కదిలారు. ఆసారి పీజోమీటరు అంకెలు నిజంగానే ఎగబాకాయి. వాన ఆగింది గనక బతికిపోయాం.

ఇంకో విడ్డూరం, హెచ్చరిక మెసేజి ఇంగ్లీషులో వచ్చేది, అదీ భువనేశ్వర్‌లో ఉన్న సారుకి. ఇక్కడ టవరుంటే కదా ఆయన తిరిగి ఫోన్ చేయడానికి! నాలుగు రోజులు ముసురు పడితే సోలార్ బ్యాటరీ చచ్చేది. ముసురులోనే కదయ్యా దాంతో పని?

మీరు ముందు వాలు నెత్తిన నీళ్లు పక్కకి మళ్లేలా కాలువ తవ్వించండి. సెన్సర్లే కావాలంటే వానమాపకం, పీజోమీటరు, టిల్ట్ మీటరు మూడూ పెట్టించి, కనీసం రెండు ఒకే మాట చెబితేనే సైరన్ మోగేలా చేయించండి. కేరళ మున్నార్‌లో అమృత విశ్వవిద్యాపీఠం వాళ్లు రకరకాల సెన్సర్లు కలిపే పాతారు. చుట్టూ ముళ్లకంచె మర్చిపోకండి. అది టెండర్లో ఉండదు, మీ జేబులోంచే.