రె: చెంబు ఎంత షేడ్ చేసినా ఫ్లాట్‌గానే ఉంటాంది

చూసినా బ్రో నీ చెంబు బొమ్మ ఫొటో, షేడింగ్ కంటే ముందు చెంబు అడుగుభాగం గీసిందే తప్పుంది. మూతి కోడిగుడ్డు షేప్‌లో బాగానే గీసినావు గానీ అడుగు స్కేలు పెట్టి గీత కొట్టినట్టుంది, అందుకే టేబుల్ మీద నిలబడట్లా. కంటి లెవెల్‌కి ఎంత కిందికి పోతే రౌండ్ అంత విప్పుకుంటాది, అంటే అడుగు వంపు మూతి కంటే ఎక్కువ ఉండల్ల. కంటి పైకి పోతే ఉల్టా, వంపు పైకి తిరుగుతాది, డౌటుంటే మీ వీధి ఓవర్‌హెడ్ ట్యాంక్ కింద నిలబడి దాని రింగులు చూడు.

ఇంక షేడింగ్. ట్యూబ్‌లైట్ ఆపేసి ఒక్క కిటికీ వెలుతురు పెట్టుకో, మన అనంతపురం ఎండకి పొద్దున్నే కూర్చుంటే మేలు, మధ్యాహ్నం అంతా తెల్లగా కొడతాది. కళ్ళు సగం మూసి చూస్తే బాగా నల్లగా ఉండేది అంచు కాదు, అంచుకి కొంచెం లోపల, అంచు మీద టేబుల్ నుంచి వెనక్కొచ్చే వెలుతురు సన్నగా ఉంటాది, నువ్వు దాన్ని పూర్తిగా మూసేసినావు. చెంబు టేబుల్‌ని తాకే చోట మాత్రం 6బి పెన్సిల్‌తో గట్టిగా దించు, మామూలు హెచ్‌బి పెన్సిల్‌తో అంత నలుపు రాదు. వేలితో రుద్దొద్దు ప్పా, మురికైతాది. స్టీలు చెంబు ఇప్పటికి వదిలేసి ముందు మట్టి ముంత గీయి, మెరుపుల గోల ఉండదు.