వీల్‌చైర్‌లో ఉన్న మా తమ్ముడు విశాఖలో విడిగా ఉండగలడా?

రోడ్డు ప్రమాదంలో మీ తమ్ముడికి వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయిందని, ఇప్పుడు గాజువాకలో ఉద్యోగం వచ్చిందని రాశారు. ఊళ్లో అమ్మానాన్నలేమో "ఒక్కడివే ఎలా ఉంటావు, నిన్ను ఎవరు చూస్తారు" అని పంపనంటున్నారు. ఉండగలడండి. నాదీ అదే దెబ్బ. మురళీనగర్‌లో కింది పోర్షన్ అద్దెకు తీసుకుని కొన్నేళ్లుగా విడిగానే ఉంటున్నాను. ఇంటి నుంచే చిన్న షాపులకు జీఎస్టీ రిటర్నులు వేస్తాను.

"ఎవరు చూస్తారు" అంటే మన ఇళ్లలో వచ్చే జవాబు ఒకటే, అమ్మ. లేదంటే భార్య. అంతా ఒక్క మనిషి మీద పడితే ఆవిడ నడుము విరుగుతుంది. ఆవిడకు జ్వరం వస్తే ఇల్లే ఆగిపోతుంది. ఆ పనిని చాలామందికి కొంచెం కొంచెంగా పంచి, ఎవరు ఏది ఎప్పుడు చేయాలో నేనే చెప్పేలా పెట్టుకున్నాక నా బతుకు మారింది. అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అనే ఆయన ఉండేవారు. పోలియోతో మెడ కింద దాదాపు కదలిక లేదు. 1972లో బర్క్‌లీలో వికలాంగులు స్వతంత్రంగా బతకడానికి సాయపడే, వికలాంగులే నడిపే కేంద్రం పెట్టినవాళ్లలో ఆయన ముఖ్యుడు. చొక్కా తొడిగేది వేరేవాళ్లయినా, ఏ చొక్కా వేసుకోవాలో, ఎక్కడికి వెళ్లాలో నిర్ణయం తనదైతే ఆ మనిషి స్వతంత్రుడే అన్నది వాళ్ల ఆలోచన. నా విషయంలో అది అక్షరాలా నిజమైంది.

పొద్దున ఒక అబ్బాయి గంటసేపు వస్తాడు. స్నానం స్టూలు మీదకు మారడానికి, బట్టలకు సాయం చేసి, కాళ్లకు వ్యాయామం చేయించి వెళ్తాడు. అతనికి నెల జీతం ఇస్తాను. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. టాయిలెట్, స్నానం లాంటి రోజువారీ పనుల్ని ఇరుగుపొరుగు మొహమాటం మీద నడపకూడదు. డబ్బిచ్చే మనిషికి "ఇలా కాదు, అలా పట్టుకో" అని చెప్పగలం. ఊరికే చేసేవాళ్లకు చెప్పలేం. వాళ్లు సెలవు పెడితే అడగనూ లేం. అతను రాని రోజుకు ఇంకొకరి నంబరు ముందే మాట్లాడి ఉంచుకోవాలి.

ఇరుగుపొరుగును చిన్నవే అడుగుతాను. పై ఇంట్లో రిటైరైన మాస్టారి దగ్గర నా తాళంచెవి ఒకటి ఉంటుంది. గ్యాస్ బండ మార్చాల్సి వస్తే పక్కింటి పిన్నిగారి అబ్బాయిని పిలుస్తాను. కుర్చీ ఎలా మడవాలో, నన్ను ఎక్కడ పట్టుకోవాలో తెలిసిన ఆటో అన్న ఒకరున్నారు. బయటి పనుంటే ముందురోజే ఆయనకు ఫోన్ చేస్తాను. నేనూ వాళ్లకు పనికొస్తాను. మాస్టారి ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను నేనే వేస్తాను. పిన్నిగారి మనవరాలు సాయంత్రం లెక్కలు చెప్పించుకోవడానికి వస్తుంది. మీ తమ్ముడి చేతిలో ఏ విద్య ఉందో వీధికి తెలియనివ్వండి. జాలితో వచ్చే సాయం కొన్నాళ్లకు సన్నగిల్లుతుంది. ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నచోట అడగడానికి నోరు వస్తుంది.

అన్నిటికన్నా నన్ను నిలబెట్టింది ఇదే దెబ్బ తగిలిన తోటివాళ్లు. మా వాట్సాప్ గ్రూపులో శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా మనుషులున్నారు. మూత్రానికి నాలుగు నుంచి ఆరు గంటలకోసారి క్యాథెటర్ (మూత్రం తీసే సన్నటి గొట్టం) పెట్టుకోవాలని డాక్టరు చెప్తారు. పెళ్లికి వెళ్తే ఆ పని ఎక్కడ, ఎలా చేసుకోవాలో తోటివాడే చెప్తాడు. కూర్చున్నప్పుడు పావుగంటకో అరగంటకో చేతుల మీద లేచి బరువు తీయడం, రాత్రి అద్దంతో వెనక చర్మం చూసుకోవడం నేను వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. స్పర్శ లేనిచోట బెడ్ సోర్ (ఒత్తిడికి పడే పుండు) వస్తే నొప్పి తెలియదు. ఎర్రటి మచ్చగా ఉన్నప్పుడే పట్టుకోకపోతే నెలల తరబడి బోర్లా పడుకోవాలి. ఉద్యోగంలో చేరకముందే మీ తమ్ముణ్ణి ఇలాంటివాళ్లతో మాట్లాడించండి. అమ్మగారిని కూడా. విడిగా ఉంటున్న కొడుకు ఉన్న ఇంకో తల్లితో మాట్లాడాకే మా అమ్మ మనసు కుదుటపడింది.

ఇల్లు చూసేటప్పుడు ముందు వీధి చూడండి. మాధవధార, ఆరిలోవ వైపు కొండవాలు వీధులు చాలా ఉన్నాయి. ఎక్కితే దిగడం, దిగితే ఎక్కడం చేతులకు నరకం. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. రెండు మెట్లే కదా అని పలక వేస్తే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. బాత్రూమ్ తలుపు వెడల్పు కొలవండి. మూడడుగులుంటే హాయి. కొంచెం తక్కువైతే ఓనరును అడిగి తలుపు తీయించి కర్టెన్ కట్టుకోవచ్చు. ఇంతకుముందు నేనున్న అపార్ట్‌మెంటులో ర్యాంపు కడితే ఒక బండి పార్కింగ్ పోతుందని అసోసియేషన్ ఒప్పుకోలేదు. ఇల్లు ఎంత నచ్చినా అడ్వాన్సు ఇవ్వకముందే ఆ మాట తేల్చుకోండి.

రాత్రి పడిపోతే ఎలా అన్నది అమ్మానాన్నల అసలు భయం. అది అనవసరపు భయం కాదు. నేను లోపల గడియ వేయను. బయట నుంచి తాళంచెవితో తెరవగలిగే లాక్ పెట్టించాను. ఫోను మెడలో ఉంటుంది. ఒక్క బటన్ నొక్కితే మాస్టారికి ఫోన్ వెళ్తుంది. ఇది విశాఖ కాబట్టి తుపాను సంగతీ చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లకు కటకట. అప్పుడు నేను అమ్మానాన్నల దగ్గరే ఉన్నాను. మా వీధి కుర్రాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చిపోశారు. ఇప్పుడు తుపాను హెచ్చరిక రాగానే క్యాథెటర్లు, మందులు, తాగే నీళ్లు సరిపడా ఉన్నాయో లేదో చూసుకుని, నన్ను ఎత్తాల్సి వస్తే ఎవరు వస్తారో ఫోన్ చేసి ఖాయం చేసుకుంటాను.

కాగితాల పని: యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) లేకపోతే ముందు దానికి దరఖాస్తు చేయండి. ఎన్టీఆర్ భరోసాలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000. పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి 15,000 వేరే కేటగిరీ ఉంది. మీ తమ్ముడు ఏ కేటగిరీకి వస్తాడో, ఉద్యోగం వచ్చాక అర్హత ఉంటుందో లేదో మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడగండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 5 ఒకసారి నాన్నగారికి చదివి వినిపించండి. సమాజంలో అందరి మధ్య బతికే హక్కు ఉందని, ఫలానాచోటే ఉండాలని బలవంతపెట్టకూడదని అందులో ఉంది.

ఆఫీసుకు వెళ్లిరావడానికి వీల్‌చైర్ ముందు తగిలించుకునే బ్యాటరీ బండ్లు ఉన్నాయి. ఐఐటీ మద్రాసులో పుట్టిన నియోమోషన్ వాళ్ల నియోబోల్ట్ అలాంటిదే. నేను కొన్నప్పుడు అందరిలాగే ఆసీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్లి పూజ చేయించాం. వద్దు వద్దన్న అమ్మే దగ్గరుండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది.

ఒకేసారి మొత్తం మారిపోనక్కర్లేదు. గాజువాకలోనే ఆఫీసుకు దగ్గరగా ఇల్లు తీసుకుని, మొదటి నెల అమ్మానాన్నల్ని అదే ఇంట్లో కాకుండా దగ్గర్లో బంధువుల ఇంట్లో ఉండమనండి. సహాయకుణ్ణి మాట్లాడుకోవడం, జీతం ఇవ్వడం, పక్కవాళ్లకు పరిచయం చేసుకోవడం తమ్ముడే చేయాలి. మీరు చేసిపెడితే వాళ్లు ప్రతిదానికీ మీకే ఫోన్ చేస్తారు. ఇల్లు ఏ వైపు చూస్తున్నారో ఇక్కడే రాయండి. గాజువాక, ఎన్‌ఏడీ వైపు ఉంటున్న మా గ్రూపువాళ్లను అడిగి చెప్తాను.