ఎముక బలపడే దాకా మెడ ఆపరేషన్ ఆపొచ్చా?

ప్రశ్న: నా వయసు 61. మెడలో సీ5-సీ6 (ఐదో, ఆరో మెడ ఎముకల) దగ్గర డిస్కు పక్కకు జరిగిందని, ప్లేటు, స్క్రూలు వేసి ఆ రెండు ఎముకలనూ కలపాలని చెప్పారు. ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్‌లో తుంటి దగ్గర టీ-స్కోరు మైనస్ 2.8 వచ్చింది. గుల్ల ఎముకలో స్క్రూలు నిలవవని బంధువులు భయపెడుతున్నారు. ఏడాది పాటు కాల్షియం వాడి, ఆ తర్వాత చేయించుకోవచ్చా? ఈమధ్య జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం కూడా కష్టంగా ఉంది. మోకాళ్ల నొప్పులకు మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రలు మూడేళ్లుగా వేసుకుంటున్నాను.
- ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: స్కోరు సంగతి తర్వాత చూద్దామమ్మా. హుక్కుల మాట మీరు చివర్లో మాటవరసకు రాశారు గానీ, నాకు కంగారు పుట్టించింది అదే. నరం ఒక్కటే నొక్కుకుంటే చెయ్యి లాగుతుంది, తిమ్మిరెక్కుతుంది. వేళ్లు పట్టు తప్పడం, నడిస్తే తూలడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, మూత్రం ఆగకపోవడం ఉంటే వెన్నుపామే నలుగుతోందేమోనని అనుమానించాలి. అదే అయితే ఏడాది ఆగడం కుదరదు. వెన్నుపాముకు జరిగిన నష్టం ఆపరేషన్ తర్వాత కూడా పూర్తిగా నయం కాకపోవచ్చు. మిమ్మల్ని చూడకుండా నేను తేల్చి చెప్పలేను. ఈ వారంలోనే మీ సర్జన్‌ను కలిసి హుక్కుల సంగతి చెప్పండి.

ఇక ఎముక. టీ-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ ఉంటే ఆస్టియోపోరోసిసే, అంటే ఎముక గుల్లబారడమే. మీ బంధువుల భయం ఉత్తది కాదు. డిస్కు తీసిన చోట పెట్టే కేజ్ అనే చిన్న దిమ్మ పైకింది ఎముకల్లోకి దిగబడొచ్చు, స్క్రూ వదులు కావచ్చు, ఎముకలు అతుక్కోకపోవచ్చు. అలాగని ఆపరేషనే వద్దని కాదు. డెక్సా మామూలుగా తుంటికీ నడుముకీ తీస్తారు. మెడకు సీటీ తీసి ఉంటే అక్కడి ఎముక ఎలా ఉందో దాన్ని బట్టి కొంత అంచనా వేయొచ్చు, అడగండి. కాల్షియం ఒక్కటే చాలదు. విటమిన్ డి, కిడ్నీ పరీక్షలు చూశాక ఎముకను బలపరిచే మందులు, బిస్‌ఫాస్ఫోనేట్లో, టెరిపారటైడ్ ఇంజెక్షనో, డాక్టరే నిర్ణయిస్తారు. వాటిని ఆపరేషన్ తర్వాత కూడా వాడొచ్చు.

ఆ మోకాళ్ల మాత్రల పేరు మాత్రం మీరు రాయలేదు. మీకూ తెలియదనుకుంటాను. మొన్న ఓపీలో ఒకావిడ కొంగుముడి విప్పి నాలుగు రంగుల గోళీలు నా బల్ల మీద పోసింది. "ఈ చిన్న తెల్లది వేసుకుంటేనే లేస్తానండీ" అంది. అంత చురుగ్గా పనిచేసే పేరులేని మాత్ర అంటే నాకు మొదట వచ్చే అనుమానం స్టిరాయిడే. నెలల తరబడి వేసుకుంటే ఎముకను గుల్ల చేసే మందు అది. మూడేళ్లు వేసుకుని ఇప్పుడు స్కోరు చూసి భయపడితే ఎలాగమ్మా?

కోపంతో రేపటి నుంచి మానేయకండి. స్టిరాయిడ్ అయితే ఒక్కసారిగా ఆపడం ప్రమాదం, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఆ పొట్లం యథాతథంగా పట్టుకెళ్లి సర్జన్‌కు చూపించండి. ఆపరేషన్ ఖాయమైతే మత్తు డాక్టరుకు తప్పనిసరిగా చూపించండి, ఆయన అడగకపోయినా సరే.